గీరల బూట్లు ఎంత తింటాయి?

రోలర్ స్కేటింగ్ చేస్తే గంటకు ఎన్ని కాలరీలు ఖర్చవుతాయని నేను ఫోన్‌ను మొదట తెలుగులోనే అడిగాను. అది హైదరాబాదులో పిల్లలకు స్కేటింగ్ ఎక్కడెక్కడ నేర్పుతారో చూపించింది. హిందీలో అడిగాను. బిగుతు బట్టలు వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, చెట్ల మధ్య నున్నటి రోడ్డు మీద నవ్వుతూ పోతున్న ఒక అమ్మాయి బొమ్మ వచ్చింది. సరదాగా బరువు తగ్గండి అని కింద రాసి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన బరువు తగ్గకుండా ఎలా ఆపాలో తెలియక నేను చస్తుంటే, దిక్కుమాలిన ఫోను తగ్గే సరదా నేర్పుతోంది!

ఫోను తప్పు కాదులెండి. లోకంలో ఎవరైనా తగ్గడానికే ఆ ప్రశ్న అడుగుతారు. నాలాగా ఉల్టా అడిగేవాళ్ళు ఉంటారని దానికేం తెలుసు. నాకు కావాల్సింది ఒక్కటే. మిల్లులో షిఫ్టు మొత్తం మా ఆయన వేసుకుని తిరిగే గీరల బూట్లు ఆయన ఒంట్లోంచి ఎంత తింటున్నాయో తెలిస్తే, అంతకు రెండింతలు నేను కంచంలో వేద్దామని. గీరలంటే చక్రాలు, మా తెలంగాణ మాట. స్కేట్లను మా గల్లీలో అందరూ గీరల బూట్లనే అంటారు.

మాది సూరత్‌లో గోడాదరా. నేను ఇక్కడే పుట్టాను, మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మా ఆయన సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు సరిగా మొలవకముందే సాంచాల మీద పనికి వచ్చాడు. సాంచా అంటే మరమగ్గం. నేను ఇంట్లో కూర్చుని చీరలకు మెరిసే టిక్కీలు అతికిస్తాను. పర్వత్ పాటియా బజారు నుంచి చీరల కట్టలు తెస్తారు, అతికించాక తీసుకుపోతారు. మాకు పిల్లలు కలగలేదు. కొన్నేళ్ళు దేవుళ్ళ చుట్టూ తిరిగాం, కొన్నేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగాం, తర్వాత తిరగడం మానేసి ఒకరినొకరు తిట్టుకుంటూ హాయిగా ఉన్నాం. తిట్టేది ఎక్కువ నేనే. నా నోరు మంచిది కాదని గల్లీ అంతా ఎరుగుదురు. ఒక పూట నేను తిట్టకపోతే ఆయనే వచ్చి, "ఏందే, పానం మంచిగ లేదా?" అని అడిగేవాడు.

ఆయన పని చేసే సాంచాల కార్ఖానా మూతపడింది. యజమాని పాత మగ్గాలను తుక్కు కింద అమ్మేసి ఆ జాగాలో గోదాములు కట్టాడు. అప్పుడు మా పక్కింటి అతను, మాకు తమ్ముడి వరస, తను పనిచేసే దారం మిల్లులో మాట్లాడి పెట్టించాడు. ఊరి బయట చాలా పెద్ద మిల్లు అది. ఆ కొస నుంచి ఈ కొస దాకా మిషన్లు వరసగా నిలబడి ఉంటాయట. ఎక్కడ దారం తెగితే అక్కడ ఎర్ర లైటు వెలుగుతుంది. మనిషి పోయి అతకాలి. నడిచి పోతే ఆలస్యమని మిల్లువాళ్ళే కాళ్ళకు చక్రాల బూట్లు ఇస్తారు. మొదటిరోజు వచ్చి ఈ సంగతి చెబితే నేను నమ్మలేదు. తాగి వచ్చావా అని నోరు వాసన చూశాను.

మా ఆయన అప్పటికి మనిషి ఇంత లావు. పెళ్ళినాడు పీటల మీద ఆయన కూర్చున్నాక నాకు జాగా మిగల్లేదని మా చిన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలాంటి మనిషి నడివయసులో బూట్లు ఇంటికి తెచ్చుకుని పొద్దున్నే గల్లీలో నా భుజం పట్టుకుని జారడం నేర్చుకున్నాడు. నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి మరీ చూసేవాళ్ళు.

"అన్నా, జర బ్రేకులు చూసుకో! అక్క మీద పడ్డవంటే అక్క మిగల్ది!"

ఆయన నవ్వేవాడు, నవ్వితే తూలేవాడు, తూలితే ఇద్దరం పడేవాళ్ళం. నేను లేచి ముందు ఆయన్ను తిట్టి, తర్వాత ఆ ఆడవాళ్ళను తిట్టేదాన్ని. కొన్నాళ్ళకు ఆయన నా భుజం వదిలేశాడు. గల్లీ మలుపు దాకా ఒక్కడే పోయి, తిరిగి వచ్చి, నా ముందు ఆగి చేతులు చాపాడు. ఆరోజు ఆయన మొహం చూడాల్సింది. మగ్గం ముందు అన్నేళ్ళు నిలబడ్డ మనిషికి కాళ్ళు కదిలినందుకే అంత సంతోషం.

మిల్లులో చేరాక ఆయన సన్నబడడం మొదలైంది. అందరికీ సంబరమే, నాకు కూడా. పొట్ట పోయింది, మెడ కనబడింది. బతుకమ్మ పండుగకు కాలనీ ఆడవాళ్ళు చేరినచోట, "మీ ఆయన హీరో లెక్క అయిండు, ఇంకో పిల్లను చూడమంటావా అక్కా?" అని నన్ను ఆటపట్టించారు. చూడండి, నాకూ వంటపని తప్పుతుంది అన్నాను. అందరం నవ్వాం.

తర్వాత ఒక ఆదివారం ఆయన స్నానం చేస్తూ నన్ను పిలిచాడు. మొలతాడు జారి తొడల మీదికి వచ్చింది. మా వాళ్ళలో మగవాడు ఒక్క క్షణం కూడా మొలతాడు లేకుండా ఉండకూడదు. కొత్తది కట్టిగానీ పాతది తెంపరు. ఇంట్లో కొత్తది లేదు. అందుకని ఉన్నదానికే ముడి వేసి బిగించాను. వచ్చే పండుగకు కొత్తది తెద్దాం అనుకున్నాం. పండుగ రాకముందే ఇంకో ముడి వేయాల్సి వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. మూడో ముడి వేసేటప్పుడు నా వేళ్ళకు ఆయన తుంటి ఎముక తగిలింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఎముక ఉందని నాకు తెలియదు.

"ఏందిది? ఏం తింటున్నవ్ మిల్లుల? డబ్బా కుక్కలకు ఏస్తున్నవా?" అని అరిచాను.

"గీరల బూట్లే. అవి మస్తు తింటయి మనిషిని," అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. తినే వస్తువు ఏదో తెలిసింది కదా, ఇక ఎంత తింటుందో తెలిస్తే సరిపోతుంది అనుకున్నాను. అలా పట్టుకున్నాను ఫోన్.

ఆ అమ్మాయి బొమ్మ దాటి కిందికి పోతే ఒక లెక్క కట్టే పేజీ దొరికింది. మూడు సంగతులు అడుగుతుంది: మనిషి బరువు, ఎంత జోరుగా జారతాడు, ఎన్ని గంటలు. బరువు మాకు తెలియదు. మా సందు చివర తుక్కు కొనే గుజరాతీ ముసలాయన కొట్లో ఇనుము తూచే పెద్ద కాంటా ఉంది. మా ఆయన్ను దాని మీద ఎక్కించాను. ముసలాయన కళ్ళజోడు సవరించుకుని, "భాభీ, వేచ్‌వానో ఛే?" అని అడిగాడు. అమ్మడానికేనా అని. "కొంటానంటే ఇచ్చేస్తా, ఎదురు నేనేం ఇవ్వను," అన్నాను. అక్కడ కూడా నవ్వుకున్నాం. డెబ్బై కిలోల దగ్గర ముల్లు ఆగింది. సాంచాల కాలంలో ఆయన్ను ఎత్తిన కాంటా తొంభైకి తక్కువ చూపించేది కాదు.

ఇంటికి వచ్చి చాప మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాం.

"మెల్లగనా, నడిమి రకమా, జోరుగనా?" అని అడిగాను.

"జోరు మీదనే ఒత్తు. ఎర్ర లైటు వడ్డదంటే ఉరుకుడే."

"ఎంతసేపు?"

"ఎంతసేపేంది! షిఫ్టు మొత్తం. కూసునుడు యాడిది మాకు?"

"నిజం చెప్పు. నడుమ జర నిలవడవా? నీళ్ళు తాగవా?"

"నువ్వు పోలీసువా, పెండ్లానివా? షిఫ్టు మొత్తమని చెప్పిన గదా."

నాకు అప్పుడే కొన్ని సందేహాలు వచ్చాయి. ఆ పేజీ రాసినవాళ్ళు చూసింది తోటలో గాలికి తిరిగే మనుషులను. మిల్లులో వేడి ఉంటుంది, మోత ఉంటుంది, ఆగడం ఉంటుంది, మళ్ళీ బయలుదేరడం ఉంటుంది. బాగా అలవాటైనవాడికి బూట్లు వాటంతట అవే జారుతాయి, అంత కష్టం ఉండదు కూడా. ఏది కలపాలి, ఏది తీసెయ్యాలి? తేల్చుకోలేక ఆయన చెప్పిందే వేశాను. గంటకు ఐదు వందలకు అటూఇటూ అంది. షిఫ్టు మొత్తానికి హెచ్చవేస్తే నాలుగు వేలకు దగ్గర. ఒక జొన్నరొట్టెకు ఎన్ని కాలరీలో కూడా అడిగి భాగహారం చేశాను. ఆ బూట్లు రోజూ ముప్పై రొట్టెలు తింటున్నాయి!

"ముప్పై రొట్టెలు! నాకు ఇద్దరు మొగుళ్ళున్నా గన్ని చెయ్యను," అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. ఆరోజు నేను చాలా రోజుల తర్వాత నిశ్చింతగా పడుకున్నాను. సన్నబడడానికి ఒక కారణం ఉంది, దానికి ఒక లెక్క ఉంది, లెక్కకు మందు నా పొయ్యి మీదే ఉంది.

ఇక వండడం మొదలుపెట్టాను. పల్లీలు దంచి బెల్లంతో ముద్దలు, నూనె కారే సర్వపిండి, నెయ్యి వేసిన పప్పు, ఆదివారం మాంసం. ఇక్కడి వాళ్ళ ఘారీ మిఠాయి మీద నెయ్యి గడ్డకట్టి ఉంటుంది, అది కూడా తెచ్చాను. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు. మా ఆయన ఉరుకుతూ తింటున్నాడు, తరిగేది ఆయనే. పెట్టిందల్లా తినేవాడు. కంచం ఖాళీ చేసి నాకు చూపించేవాడు. తిన్నది ఒంటికి పట్టక కడుపు పాడైతే మిల్లు నీళ్ళ తప్పు అన్నాడు. వెన్నులో నొప్పి అంటే బూట్ల మీద జారి పడ్డాను అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మా ఇంట్లో ఏం జరిగినా నేరం బూట్లదే. నేను వెన్నుకు నూనె రాసి, బూట్లను తిట్టి, రొట్టెలు పెంచాను.

కాంటా మళ్ళీ ఎక్కించాను. తగ్గాడు. కొత్త బరువు వేసి లెక్క కడితే ఫోన్ ఈసారి తక్కువ చూపించింది. మనిషి బరువు తగ్గితే ఆ బరువును మోసే ఖర్చు కూడా తగ్గుతుందట. పిండి కొద్దీ రొట్టె. ఇంకోసారి తూచాను, ఇంకా తగ్గాడు, ఫోన్ ఇంకా తక్కువ చెప్పింది. ఎంత ఘోరమో చూడండి. నా కళ్ళ ముందు మనిషి కరిగిపోతుంటే, ఇప్పుడు ఇతనికి ఇంతకంటే తక్కువ పెట్టినా చాలు అని అది చల్లగా చెబుతోంది. ఇలాగే పోతే ఒకరోజు ఏమీ అక్కర్లేదని చెబుతుంది. ఆ ఆలోచన వచ్చిన పూట ఇంకో రెండు రొట్టెలు ఎక్కువ చేశాను. పైగా ఫోన్ చెప్పినదానికంటే ఎంతో ఎక్కువే నేను పెడుతున్నాను. అయినా తగ్గుతున్నాడంటే లెక్కలో ఏదో తప్పుంది.

పక్కింటి తమ్ముణ్ణి పిలిచాను. ఇద్దరిదీ ఒకే మిల్లు, షిఫ్టులే వేరు. గుమ్మంలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, "మీ సూపర్వైజర్‌కు జర చెప్పు తమ్మీ. మీ అన్నను బూట్ల పని నుంచి తీసెయ్యమను. ప్యాకింగుల వేస్తే వెయ్యుమను. గిట్ల ఉరికితే మనిషి మిగలడు," అన్నాను.

అతను చాయ్ కప్పు కింద పెట్టాడు. నా మొహం చూడలేదు.

"అన్న నీకు చెప్పలేదా వదినే?"

"ఏం చెప్పాలె?"

"అన్న తూలుతుండని బూట్లు ఎప్పుడో ఇడిపిచ్చిండ్రు. ఎండకాలం నుంచి గేటుకాడ కుర్చీల కూసోవెట్టిండ్రు. ట్రక్కుల నంబర్లు చూసుడే ఆయన పని. లేవనన్న లేస్తలేడు."

ఎండకాలం పోయి, వానాకాలం పోయి, చలి వచ్చేసింది. అన్నాళ్ళూ నేను కుర్చీలో కూర్చున్న మనిషికి పరుగెత్తే మనిషి లెక్క కడుతున్నాను. జోరు మీద ఒత్తాను, షిఫ్టు మొత్తం అని వేశాను. బూట్లు ఏమీ తినలేదు పాపం. మరి తింటున్నది ఏది?

సాయంత్రం ఆయన వచ్చాడు. రోజూలాగే బయట కూర్చుని, బూట్లు ఒరుసుకున్నాయంటూ కాళ్ళు కడుక్కున్నాడు. నేను కంచం పెట్టాను.

"ఇయ్యాల మస్తు ఉరికినవా?"

"అడగకు. కాళ్ళు గుంజుతున్నయి."

"గేటుకాడ కుర్చీల కూసోని గంతగనం ఎట్ల ఉరికినవ్?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆయన ఏదైనా బుకాయిస్తాడని, నేను తిట్టవచ్చునని చూశాను. ఆయన బుకాయించలేదు.

"బూట్లు ఇడిచినంక గూడ తగ్గవడితి," అన్నాడు. "అప్పుడే సమజైంది, ఇది బూట్ల పని కాదని. నువ్వేమో ఫోన్ల లెక్క చూసుకోని నిమ్మళంగ పండుకుంటుంటివి. ఎందుకు చెడగొట్టుడని..."

"నీ పాడెగట్ట! ఇన్ని రోజులు..."

మాట నోట్లోంచి వచ్చేసింది. మా దగ్గర తల్లులు పిల్లల్ని కూడా ముద్దుగా అనే తిట్టు అది. రోజుకు పదిసార్లు అని ఉంటాను, ఆయన ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. ఆరోజు ఇద్దరం విన్నాం. నేను నోటి మీద కొట్టుకున్నాను. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పట్టులో బలం లేదు. "గదేందే, నువ్వు తిట్టకుంటెనే నాకు బుగులు," అన్నాడు. నేను ఆయన ఒళ్ళో తల పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. తల ఆనించడానికి కూడా ఆ తొడల మీద మెత్తదనం లేదు.

పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపారు. రక్తాలు తీశారు, పడుకోబెట్టి ఫొటోలు తీశారు. చివరికి ఒక డాక్టరమ్మ ఆయన్ను బయట బెంచీ మీద కూర్చోమని నన్ను లోపలికి పిలిచింది. నా చెల్లెలి వయసు ఉంటుంది. కడుపు వెనకాల ఉండే ఒక గ్రంథిలో గడ్డ పుట్టిందనీ, అక్కడి నుంచి కాలేయానికి పాకిందనీ, కోసి తీసే సమయం దాటిపోయిందనీ హిందీలో మెల్లగా చెప్పింది. నొప్పి తగ్గడానికి మందులు ఇస్తాను, ఇంటికి తీసుకుపో బెన్, ఇష్టమైనవి పెట్టు అంది, అక్కను పిలిచినట్టు.

"ఎంత పెట్టాలి?" అని అడిగాను.

ఆమెకు అర్థం కాలేదు. నేను ఫోన్ తీసి చూపించాను. గీరల బూట్లు గంటకు ఎంత తింటాయో ఇందులో ఉంది, నడక ఎంత తింటుందో ఉంది, మెట్లు ఎక్కడం ఎంత తింటుందో ఉంది. ఆ గడ్డ రోజుకు ఎంత తింటుందో చెప్పండి, అంతకు మించి నేను పెడతాను అన్నాను. నా గొంతు పెద్దదైపోయింది. బయట ఉన్నవాళ్ళు తొంగి చూశారు. డాక్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టింది. మనం పెట్టింది ఆయన ఒంటికి అందదు బెన్, ఎంత పెట్టినా అంతే అంది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఈ డాక్టరమ్మ ఎక్కడ పట్టగలదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

బయటికి వస్తే ఆయన బెంచీ మీద పక్కవాడితో మాట్లాడుతున్నాడు. తను మిల్లులో చక్రాల బూట్లు వేసుకుని ఎలా తిరిగేవాడో చేతులు ఊపి చూపిస్తున్నాడు. నన్ను చూసి చేతులు దించాడు. ఆటోలో ఇంటిదాకా ఇద్దరం రోడ్డే చూశాం.

ఆ తర్వాతి రోజులు చెప్పడానికి ఏమీ లేవు. ఊరికి రమ్మని ఆయన అన్నదమ్ములు ఫోన్లు చేశారు, ఈ గల్లీ విడిచి రాను అన్నాడు ఆయన. నేను వండేదాన్ని, ఆయన వద్దనేవాడు. రొట్టె పోయి అన్నం వచ్చింది, అన్నం పోయి అంబలి వచ్చింది, అంబలి కూడా నాలుగు చెంచాలు దాటేది కాదు. దాటితే బయటికి వచ్చేది. ఊరివాళ్ళు చెప్పిన ఆకుపసరులు, ఇక్కడివాళ్ళు చెప్పిన బాబాల విభూతి, అన్నీ చూశాను. నమ్మకం ఉండి కాదు, చేతులు ఊరికే ఉండలేక. కాంటా దగ్గరికి మళ్ళీ పోలేదు. తుక్కు కొట్టు ముసలాయన ఎదురుపడితే తల వంచుకుని పోయేవాడు.

ఒకరోజు ఆయనంతట ఆయనే, "డుమస్ పోదామా? టమాట భజియ తినబుద్ధయితుంది," అన్నాడు. తినబుద్ధవుతోందన్న మాట విని ఎన్నాళ్ళైంది! నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. పక్కింటి తమ్ముడు ఎవరి ఆటోనో అడిగి తెచ్చాడు. ఆయన్ను ఎత్తి వెనక కూర్చోబెట్టాడు. ఎత్తడానికి ఒక్క మనిషి చాలాడు.

పనిదినం కాబట్టి డుమస్ సముద్రపొడ్డున జనం లేరు. సముద్రం ఎక్కడో లోపలికి పోయి ఉంది, ముందంతా నల్ల ఇసుక. రోడ్డు పక్క బండి దగ్గర బల్ల మీద ఆయన్ను కూర్చోబెట్టాం. తమ్ముడు ఆటో దగ్గరికి పోయి నిలబడ్డాడు. టమాటా చక్రాల మీద పచ్చచట్నీ పూసి, పిండిలో ముంచి, సలసల కాగే నూనెలో వేశాడు బండివాడు. ప్లేటు వచ్చింది. నేను ఒకటి ఊది, తుంచి, ఆయన నోట్లో పెట్టాను. నమిలాడు. మింగాడు. ఇంకో ముక్క తిన్నాడు. నేను ఆ గొంతునే చూస్తున్నాను. బయటికి రాలేదు. మనసు ఎంత పిచ్చిదో, ఆ రెండు ముక్కలకే నాకు ఆశ పుట్టింది. ఇంకో ప్లేటు చెబుదామా అనుకున్నాను కూడా.

ఆయన ప్లేటు నా వైపు జరిపాడు.

"నువ్వు తిను. నేను చూస్త."

"నాకొద్దు. నీ కోసమే వచ్చినం."

"నా కోసమే తిను. ఎన్ని దినాలైంది నువ్వు కూసోని తినక. నీ బరువు ఎంతనో ఎరుకనా నీకు?"

నాకు తెలియదు. ఆయన్నే ఎక్కించాను గానీ ఆ కాంటా మీద నేను ఎన్నడూ ఎక్కలేదు. ఒకటి నోట్లో పెట్టుకున్నాను. కారం, వేడి, పులుపు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వేడికని చెప్పాను.

"ఇగ ఇనుర్రి," అన్నాడు. నన్ను ఎప్పుడూ నువ్వు అనే మనిషి, పెద్ద మాట చెప్పాల్సి వస్తే ఇలా ఆటకు గౌరవం ఇచ్చి మొదలుపెట్టేవాడు. "రేపటికెల్లి ఒక్కదానికే వండుకో. ఇద్దరికి వండి పారవోస్తున్నవ్. ఒక్కదానికి వండుడు ఇప్పటికెల్లే అలవాటు చేసుకోవాలె. తర్వాత ఒక్కసారే అంటే నీతోని కాదు."

"నోరు ముయ్యి," అన్నాను. "పెద్ద చెప్పొచ్చినవ్."

నేను తింటున్నాను. బండివాడు మా వైపు చూసి ఇంకేమైనా కావాలా అన్నట్టు తల ఎగరేశాడు, నేను వద్దన్నాను. ఆయన చెప్పింది నిజం. నాకు ఒక్కదానికి వండడం రాదు. పెళ్ళికి ముందు అమ్మ ఇంట్లో అందరికీ కలిపి వండాను, పెళ్ళయ్యాక ఇద్దరికి.

"ఒక్కదానికంటే ఎంత పెట్టాలె?" అని అడిగాను. కోపంగా అడుగుదామనుకున్నాను, ఏడుపుగా వచ్చింది.

పొయ్యి దగ్గరికి ఎన్నడూ రాని మనిషి, జీవితంలో గుప్పెడు బియ్యం కడిగి ఎరుగని మనిషి, చెయ్యి నా ముందుకు చాపాడు. వేళ్ళు మెల్లగా మడిచి పిడికిలి పట్టి చూపించాడు.

"గిట్ల రెండు పిడికిళ్ళు ఏసుకో. సరిపోతది."

చర్మం కింద ఎముకలన్నీ లెక్కపెట్టవచ్చు ఆ పిడికిట్లో. చిన్నపిల్ల పిడికిలంత ఉంది. అలాంటివి రెండు వేస్తే ఒక మనిషికి ఒక్క పూటకు కూడా చాలదు.

"సరిపోతది," అన్నాను.